కొసరు చుట్టు

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 11

ప్రభువునందు ప్రియమైన సూసన్ అక్కకు, తమ్ముడు రత్నబాబు వందనములతో విన్నవించుకొనునది.

ఇక్కడ అందరం క్షేమం, జీపు తప్ప.

ఈ రోజుల్లో ఉత్తరమేమిట్రా అని నువ్వు కవరు చించకముందే తిట్టుకుని ఉంటావు. ఫోన్ చేస్తే నాన్న స్పీకర్ పెట్టమంటాడు. వాట్సాప్ చేద్దామంటే నా ఫోన్ తాళం అమ్మకి తెలుసు. అమ్మకి తెలిసింది సంఘమంతటికీ తెలుసు. అందుకని మీ కాలేజీ వ్యాను డ్రైవరు బసవయ్య గారిని మనిద్దరి తపాలా శాఖగా నియమించా. రోజూ పేట నుంచే గదా నందిగామ వస్తాడు. జీతం లేదు, అమ్మ పెట్టే పండుమిరప పచ్చడి చాలన్నాడు.

ఇక విషయం. పోయిన నెల చిల్లకల్లు అవతల వాగు దాటిస్తూ నాన్న జీపుని బండరాయి మీద కూర్చోబెట్టాడు. గేరుబాక్సు వెనక ఇంకో ఇనప పెట్టె ఉంటుంది చూడు, ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది, ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు, అది నిట్టనిలువునా పగిలింది. నాన్న విజయవాడ ఆటోనగర్ వెళ్ళి పాత సామాన్ల సాంబయ్య దగ్గర ఇంకోటి తెచ్చాడు. తెచ్చినదాని మీద పేరు లేదు, ఊరు లేదు, నంబరు పలక లేదు. బాప్తిస్మం పొందని పెట్టె.

సాంబయ్య చెప్పిన ప్రకారం ఈ పెట్టెలు రెండు రకాలు. లో గేరులో వేసినప్పుడు ఇంజను వైపు ఇరుసు సుమారు రెండు చుట్లు తిరిగితే చక్రాల వైపు ఇరుసు ఒక్క చుట్టు తిరిగేది పరుగు రకం. సుమారు రెండున్నర చుట్లకి ఒక్క చుట్టు తిరిగేది బలం రకం. మన గుట్టకి బలం రకం కావాలి. ఈస్టర్ తెల్లవారుజామున గ్రేసీ అమ్మమ్మనీ మిగతా ముసలమ్మల్నీ గుట్ట మీదికి ఎక్కించేది ఆ జీపే కదా. పరుగు రకమైతే సగం దూరంలో ఇంజను ఆగి, ముసలమ్మలతో సహా వెనక్కి జారుతుంది. అప్పుడు పునరుత్థానం సంగతి మనమే చూసుకోవాలి.

విప్పి పళ్ళు లెక్కపెట్టరా అంటావు. మూత బోల్టుల మీద సాంబయ్య పసుపు రంగు పూసి పంపాడు. రంగు చెదిరితే వాపసు తీసుకోడు. ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం దాకా గడువిచ్చాడు. కనక విప్పకుండా, గుచ్చకుండా, గోకకుండా లోపలి నిష్పత్తి ఎంతో తేల్చాలి. నేను మెకానికల్ ఇంజనీర్నే, కాదనను. కానీ మా కాలేజీలో గేర్లు బోర్డు మీద ఉండేవి. నువ్వు ఫిజిక్స్ లెక్చరర్‌వి. దారి చూపించు.

ముక్త్యాల ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు వచ్చే వేళైంది. నరేంద్ర బావకి వందనాలు.

ఇట్లు,
రత్నబాబు, బి.టెక్.

*

నందిగామ,
ఫిబ్రవరి 14

ఒరేయ్ రత్నా,

పేరు చివర డిగ్రీ రాసుకోవడం మానెయ్, సిగ్గుగా ఉంది.

పెట్టెని పాత టైరు మీద కదలకుండా కూర్చోబెట్టండి. లీవరు లో లో వెయ్యండి. చక్రాల వైపు ఇరుసు అంచు మీద సుద్దముక్కతో గీత పెట్టు. ఒకరు ఇంజను వైపు ఇరుసుని పానాతో ఐదు చుట్లు తిప్పాలి. రెండోవాళ్ళు గీత ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. అది రెండు చుట్ల పైన ఓ వెంట్రుకవాసి దగ్గర ఆగితే బలం రకం. రెండున్నర చుట్లు తిరిగితే పరుగు రకం. ఇంతే. దీనికి బసవయ్య గారి చేత పచ్చడి మోయించక్కర్లేదు.

అసలు నాన్నకి ఈ ఏడు అంత పట్టుదల ఎందుకు? గుట్ట కింద కూడా దేవుడు ఉంటాడు. షామియానా వేసుకుని కిందే ఆరాధన చేసుకోవచ్చుగా. అమ్మతో ఓ మాట అని చూడు. నేను అన్నట్టు చెప్పకు.

అక్క

*

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 26

అక్కా,

నమస్కారాలూ వందనాలూ తర్వాత. ముందు నా ఏడుపు విను.

కింద ఆరాధన అన్న మాట అమ్మ ముందు నా పేరు మీదే పెట్టా. అమ్మ చాట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. ఇరవై ఏళ్ళుగా సూర్యుడు వచ్చేది గుట్ట మీద చూస్తున్నాం, ఇప్పుడు షామియానా గుడ్డలో చూడమంటావా అంది. రెండు పూటలు నాకు కూర తక్కువ పడింది. నీ పేరు చెప్పలేదు. గుర్తుంచుకో.

ఇక పరీక్ష. పానా నేను పడతానన్నా. “నా బండి, నేను తిప్పుతా. నువ్వు చదువుకున్నోడివి, చూడు,” అన్నాడు నాన్న. నేను అటువైపు బోర్లా పడుకుని సుద్దగీతకి కన్ను ఆనించా. నాన్న కళ్ళంలో ధాన్యం కొలిచినంత గంభీరంగా మొదలెట్టాడు. “లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు.” మొదటి చుట్టుని ఒకటి అనడు, లాభం అంటాడు. ఒకటి అంటే ఒంటరిదట, కొలతలో అనకూడదట. బి.టెక్.లో ఇది చెప్పలేదు.

గీత రెండున్నర దగ్గరికి వచ్చి ఆగింది. అంటే పరుగు రకం. నాన్న మొహం మాడిపోయింది. మళ్ళీ చేద్దామన్నాడు. మళ్ళీ లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఈసారి గీత రెండుంపావు దగ్గర ఆగింది. ఇది ఏ రకం? సాంబయ్యకి ఫోన్ చేశా. అలాంటిది భూమ్మీద ఎవడూ చెయ్యలేదు తమ్ముడూ, నీ లెక్క చూసుకో అన్నాడు. మూడోసారి మళ్ళీ రెండున్నరకి దగ్గర. నాలుగోసారి రెండుంపావుకి కాస్త ఇవతల.

ఒకే పెట్టె, ఒకే పానా, ఒకే నాన్న. నాలుగు జవాబులు. లోపల గేర్లు ఉన్నాయా, సంఘంలో రెండు వర్గాలవాళ్ళు కూర్చున్నారా అని నా అనుమానం. అమ్మకి వివరించబోయా. గీత రెండు తిరిగితే పెట్టె రెండున్నర, గీత రెండున్నర తిరిగితే పెట్టె రెండు అన్నా. నీకు ఎండ దెబ్బ తగిలిందిరా అని మజ్జిగ ఇచ్చింది.

నాన్న రోజూ పొద్దున దాని పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటున్నాడు. ఏమీ చెయ్యడు, చూస్తాడంతే. దారి చెప్పు.

నీ అభాగ్య తమ్ముడు,
రత్న

*

నందిగామ,
మార్చి 2

రత్నా,

మొదటిసారి ఏది వచ్చిందో అదే తీసుకో. రెండున్నర చుట్లు అంటే పరుగు రకం. రెండుంపావు నీ కంటి పొరపాటు. పెట్టె సాంబయ్యకి తిరిగి ఇచ్చేయండి. ఇంకోటి నెమ్మదిగా, ఎండాకాలం పోయాక వెతుక్కోవచ్చు.

ఈ ఈస్టర్‌కి జీపు లేదని సంఘంలో నువ్వే చెప్పు. ముసలమ్మలు అర్థం చేసుకుంటారు. నాన్న రెండు రోజులు మాట్లాడడు, తర్వాత మామూలే.

కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు నడుస్తున్నాయి. పెద్ద ఉత్తరాలు రాయకు.

అక్క

*

జగ్గయ్యపేట,
మార్చి 17

శ్రీమతి సూసన్ గారికి,

ఫిజిక్స్ లెక్చరర్, నందిగామ. ముద్దాయి.

ఈ ఉత్తరం నిలబడి చదవవలసిందిగా కోరడమైనది.

నువ్వు చెప్పినట్టే పెట్టె తిరిగి ఇచ్చేద్దామని గోనెసంచిలో కట్టా. నాన్న ఆఖరిసారి చూద్దాంరా అన్నాడు. సరే అని కట్టు విప్పా. అమ్మ గుమ్మంలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నాన్న లాభం అని మొదలెట్టి ఐదు అన్నాడు. గీత మళ్ళీ రెండున్నర. నేను నేలకేసి తల కొట్టుకున్నా. అమ్మ తల ఎత్తకుండానే అంది:

“ఆ చెయ్యి ఐదు దగ్గర ఆగుద్దంట్రా? కుంచం కొలిచిన చెయ్యి అది. కొసరు వెయ్యకుండా ఏనాడు దించాడు?”

అర్థమైందా అక్కా? ఐదు అని నోరు ఆగుతోంది, చెయ్యి ఆగడం లేదు. కళ్ళంలో ఐదు కుంచాలు కొలిచాక పైన దోసెడో అరకుంచమో కొసరు పొయ్యకపోతే అది కొలత కాదు గదా ఆయనకి. ఇక్కడా అంతే. ఐదు అయ్యాక ఇంకో చుట్టు. మనసు బాగాలేనప్పుడు అరచుట్టు. ఇరుసుకి కూడా అన్యాయం చెయ్యని మనిషి. ఆయనకే తెలీదు. అటువైపు బోర్లా పడుకున్న ఇంజనీరుకి అంతకంటే తెలీదు.

నాన్న సంఘపెద్దల మీటింగుకి వెళ్ళాక నేనే పానా పట్టా. గీత చూడమని అమ్మని కూర్చోబెట్టా. ఐదు చుట్లు, కొసరు లేకుండా, పిసినారిగా. రెండు చుట్లు తిరిగి, ఆ పైన చిటికెనవేలు పట్టేంత జరిగి ఆగింది. పదిసార్లు చేశా. పదిసార్లూ అక్కడే. బలం రకం. మనకి కావలసిందే.

ఇక నీ మీద అభియోగం.

ఒకటి. చిన్నప్పుడు కళ్ళంలో నాన్న కొలుస్తుంటే గోనె మూతి పట్టుకుని నిలబడింది నువ్వు. నేను కాదు, నేను ఎదిగేసరికి కుంచం కొలతలే పోయాయి. లాభం, రెండు, మూడు అని నా ఉత్తరంలో చదవగానే ఆ కొసరు నీకు గుర్తుకు రాలేదంటే నేను నమ్మను.

రెండు. ఐదుకి బదులు ఇరవై తిప్పమని ఉంటే ఆ ఒక్క చుట్టు తేడా చిన్నదైపోయి నిజం బయటపడేది. ఇంటర్ పిల్లలకి రోజూ అదే కదా చెప్తావు, కొలత ఎక్కువసేపు తియ్యండి, పొరపాటు పలచబడుతుందని. నాకెందుకు చెప్పలేదు?

మూడు. నాలుగు జవాబులు వస్తే అందులో నీకు నచ్చింది ఏరుకుని, పెట్టె వాపసు ఇమ్మన్నావు. అదీ ఈస్టర్ ముందు ఉపవాసముండే శ్రమదినాల్లో.

నాన్నకి ఇంకా చెప్పలేదు. నీ జవాబు వచ్చాక చెప్తా. మట్టల ఆదివారం దగ్గరికి వచ్చేసింది. జీపు గుట్ట ఎక్కడం నీకు ఎందుకు ఇష్టం లేదు? సూటిగా రాయి. జోకులు నేను వేస్తా.

రత్నబాబు

*

నందిగామ,
మార్చి 20

రత్నా,

నీ మూడు అభియోగాలూ నిజమే. గీత రెండున్నర అని చదివిన రోజే నాకు తెలుసు.

డిసెంబరులో నాన్నకి కొత్త కళ్ళద్దాలని నేను విజయవాడ తీసుకెళ్ళా కదా. అద్దాలు కాదు. అంతకు ముందు బజార్లో ఎడమవైపు నుంచి వచ్చిన ఆవుదూడ కనపడక గుద్దుకుని పడ్డాడు. మీకు గోడ తగిలిందని చెప్పాడు. డాక్టరు పరీక్ష చేసి, కంటి నరం ఎండిపోతోంది, ఎడమపక్క చూపు చాలావరకు పోయింది, పోయింది తిరిగి రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది అన్నాడు. బండి తోలకూడదు అని నా ఎదుటే చెప్పాడు. బయటికి రాగానే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. “అమ్మకి చెప్పమాక. రత్నకి చెప్పమాక. జీపు సంగతి నేను చూసుకుంటా,” అన్నాడు. సరే అన్నా. నరేంద్రకి కూడా చెప్పలేదు.

ఆ తర్వాతి నెలలోనే వాగులో జీపు రాయెక్కించాడని నీ ఉత్తరంలో చదివా. ఆ రాయి ఎటువైపు ఉందో నువ్వు అడగలేదు. నేను అడిగా. ఎడమవైపు.

ఇప్పుడు చెప్పు. గుట్ట దోవకి ఎడమవైపు ఏముంది? లోయ. చీకట్లో, వెనక ముసలమ్మలతో, ఆయన స్టీరింగ్ పట్టుకుంటానంటే నేనేం చెయ్యను? ఒట్టు తప్పి మీకు చెప్పలేను. తోలొద్దని ఆయన మొహాన అనలేను. పెట్టె పనికిరాదని తేలితే ఆయన పరువూ పోదు, ప్రాణమూ పోదు అనుకున్నా. ఆ కొసరు నాకు దేవుడు వేసిన కొసరులా కనిపించింది.

ఇప్పుడు నీకూ తెలుసు. నిజం నాన్నకి చెప్తావో, పెట్టె తిరిగి ఇస్తావో నీ ఇష్టం. నేను చెయ్యమన్నది నువ్వు చెయ్యవని తెలుసు కాబట్టి ఏమీ చెప్పను.

అక్క

*

జగ్గయ్యపేట,
మార్చి 24

అక్కా,

నీ ఉత్తరం చదివాక ఆ పూట ఫ్యాక్టరీలో పక్క మెషిన్‌కి ఆయిలు పోశా. ఫోర్‌మన్ తిట్టాడు. బాగుంది, తిట్టించుకోవడానికి ఎవరో ఒకరు దొరికారు అనిపించింది.

నేను కూడా అబద్ధం ఆడదామనే ఇంటికి వెళ్ళా. దారంతా వాక్యం తయారు చేసుకున్నా. నాన్నా, పరుగు రకమే, సాంబయ్యకి ఇచ్చేద్దాం. ఎంత చిన్న వాక్యం. నాన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎడమవైపు నుంచి వెళ్ళి నిలబడ్డా. నేను వచ్చినట్టు ఆయనకి తెలీలేదు. అంతే, ఆ వాక్యం నోట్లోంచి రాలేదు.

బలం రకమే నాన్నా అని చెప్పా. కొసరు సంగతి కూడా చెప్పా. చాలాసేపు తన చెయ్యి తనే చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా ఆగి, నీ కన్ను సంగతి అక్క రాసింది అన్నా. ఒట్టు తప్పిందని దాన్నేమీ అనకు, నేను పోలీసు విచారణ చేశా అన్నా.

నవ్వు పోయింది. కోపం వస్తుందనుకున్నా, రాలేదు. విసుగు వచ్చింది. మనిద్దరి మీద.

“నా చూపు నాకు తెలీదంట్రా? గుట్టకి నేను తోలతానని మీకెవరు చెప్పారు? సూసన్ తోలుద్ది. నేను ముందు నడుస్తా దోవ చూపిచ్చుకుంటా. మనిషి వెనక మనిషిలా నడవాలంటే బండికి బలం రకమే ఉండాలి. పరుగు రకమైతే నన్ను తొక్కుద్ది.”

అందుకట అక్కా, రోజూ పొద్దున ఆ పెట్టె పక్కన కూర్చున్నది. లో గేరులో, మొదటి గేరులో, కాలు ఆక్సిలేటర్ మీద పెట్టకుండా వదిలేస్తే ముసలి మనిషి నడకంత వేగంతో ఎక్కుతుందా ఎక్కదా అని లెక్కేసుకుంటున్నాడు. ఎక్కితే బండి నీకిస్తాడు. ఎక్కకపోతే ఎవరికీ ఇవ్వడు. నువ్వేమో ఆయన్ని కాపాడటానికి, ఆయన తనని తాను కాపాడుకునే ఏర్పాటుకే అడ్డం పడ్డావు. మన ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఈ తపాలా శాఖ ఉండేదే కాదు.

మరి ముందే చెప్పొచ్చుగా అన్నా. పెట్టె ఏదో తేలకుండా చెప్పి, తీరా పరుగు రకమైతే పిల్లని ఆశపెట్టినట్టు అవుద్దిగా అన్నాడు.

మెకానికల్ ఇంజనీరు, వంశోద్ధారకుడు, ఒక్కగానొక్క కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు, నేను తోలకూడదా అని అడిగా. నేర్చుకునే రోజుల్లో నువ్వు తిన్నగా తోలితే నేను జీపుని వడ్లపాకలోకి దూర్చిన సంగతి గుర్తుచేశాడు. నాకు కూడా పని ఇచ్చాడులే. జీపు వెనక రాయి పట్టుకుని నడవాలి. బండి జారితే చక్రం కింద వెయ్యాలి. నాలుగేళ్ళ చదువుకి సరిపోయే ఉద్యోగం.

పసుపు రంగు అలాగే ఉండగా పెట్టె బిగించాం. అమ్మకి కన్ను సంగతి నాన్నే చెప్పాడు. అమ్మ లేచి వెళ్ళి చుక్కల మందు సీసా తన దగ్గర పెట్టుకుంది.

ఈస్టర్ ముందు శనివారం సాయంత్రానికి వచ్చెయ్. పాత చెప్పులు వేసుకురా, క్లచ్ గట్టిగా ఉంది.

రాయి మోసేవాడు,
రత్న

*

నందిగామ,
ఈస్టర్ మర్నాడు

రత్నా,

బసవయ్య గారు ఎదురు చూస్తున్నాడు, అందుకని రాస్తున్నా. నువ్వు జీపు వెనక రాయి మోసుకుంటూ వచ్చావు కాబట్టి ముందు జరిగింది నీకు తెలీదు. నీ రాయి ఒక్కసారి కూడా అక్కర పడలేదని ఇక్కడ అధికారికంగా తెలియజేస్తున్నా.

లైట్ల వెలుగులో నాకు కనపడింది నాన్న వీపే. క్లచ్ వదిలాక నేను దేనిమీదా కాలు పెట్టలేదు. బండి ఆయన వెనక ఆయనంత మెల్లగా ఎక్కింది. వెనక ముసలమ్మలు పాటలు పాడుతూనే ఉన్నారు. మలుపు దగ్గర ఆయన ఎడమచెయ్యి పక్కకి చాపాడు. నాకు సైగ చేస్తున్నాడనుకున్నా. కాదు. దోవ అంచున ఉన్న తుమ్మకంపల్ని ముట్టుకుంటూ నడుస్తున్నాడు. కంపలు ఉన్నంతవరకు దోవ ఉన్నట్టు. అవి తగలని చోట కుడికి జరిగేవాడు, నేనూ జరిపేదాన్ని. ఆయనకి ఎంత కనపడదో డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు. అక్కడ చూశాక గానీ నాకు అర్థం కాలేదు. పైకి చేరేసరికి ఆ చేతినిండా ముళ్ళ గీతలు. అమ్మ చూసి కొంగుతో తుడిచింది.

దిగగానే గ్రేసీ అమ్మమ్మ నాన్నని ఏమందో నువ్వు విన్నావుగా. “ఇన్నేళ్ళు నువ్వెందుకు తోలావు జ్ఞానయ్యా, మా నడుములు ఇరగ్గొట్టావు. ఈ పిల్లకి ముందే ఇయ్యకపోయావా?” ఆరాధన అయ్యేదాకా నాన్న ఆమె వైపు చూడలేదు. బాగా అయిందిలే అనుకుని నవ్వుకున్నా. తర్వాత నవ్వు ఆగిపోయింది.

మీరంతా రొట్టెలు పంచుతుంటే నాన్న నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. తాళం ఇచ్చా. ఇవ్వనని ఎలా అనను? తిన్నగా వెళ్ళి డ్రైవర్ సీటు పక్కన నిలబడ్డాడు. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టాడు. నేను పరుగెత్తాలా ఆగాలా తెలీక మధ్యలో నిలబడ్డా. అప్పటికి ఎండ గుట్ట మీదంతా పడింది. మన పేట, హైవే, లారీలు అన్నీ కనపడుతున్నాయి. ఆయన కుడివైపు ఒకసారి చూశాడు. ఎడమవైపు తల పూర్తిగా తిప్పి ఇంకోసారి చూశాడు.

వెనక్కి వచ్చి తాళం నా చేతిలో పెట్టాడు.

“దిగేటప్పుడు కూడా లో లోనే ఉంచు. తెల్లారిందిగా, దోవ నీకే కనపడుద్ది. నేను వెనక కూర్చుంటా,” అన్నాడు.

అక్క